ఆంగ్ల వర్ణక్రమము: తప్పొకరిది, దండుగ వేఱొకరిది

ఇంగ్లండునందును అమెరికాయందును ఆంగ్లభాషాభిమానులు కొంతకాలముగా నొక మొఱ పెట్టుచున్నారు. బిడ్డలకు మాటలు తిన్నగా వ్రాయుట రాకున్నదనియు, సెల్‌ఫోనులును ఇంటర్నెట్టును వచ్చిన పిమ్మట వర్ణక్రమమునకు దిక్కు లేకపోయినదనియు, ‘యు’ అను నొక్క యక్షరముతో ‘నీవు’ అను మాటను ముగించి, ‘రెండు’ అంకెను విభక్తిప్రత్యయముగా వాడుకొను తరము బయలుదేఱినదనియు వారి విలాపము. దీనిలో కొంత నిజము లేకపోలేదు. అయితే నిజమున్న చోటు వేఱు, వారు వ్రేలు చూపుచున్న చోటు వేఱు అని మా యభిప్రాయము. వారి భాషగొడవ వారిదని మనము ఊరకుండుటకును వీలులేదు. మన పొలముల కాగితములమీదను, మన బిడ్డల సర్టిఫికెట్లమీదను, బ్యాంకి ఖాతాలలోను మన పేరులు ఆ యక్షరములలోనే యున్నవి. వానిలో నొకటి తప్పినచో నష్టమెవరికి వచ్చుచున్నదో తెలిసికొనుట మనకును అవసరమే.

మొదట నొక సంగతి చెప్పవలెను. మన పిల్లవాడు ఓనమాలును గుణింతమును ఒత్తులును నేర్చినచో, తానెన్నడును వినని మాటనైనను చదువగలడు. విన్న మాటను ఇంచుమించుగా వ్రాయగలడు. శ, ష, సలయొద్ద తడబడునేమో కాని, మాటమాటకును అక్షరములు వల్లెవేయవలసిన పని వానికి లేదు. ‘వర్ణక్రమము’ అనునది మనకు పుస్తకములలోని మాట. ఊళ్లలో ‘స్పెల్లింగు’ అనియే యందురు. మనకు లేని పీడకు మనభాషలో వాడుకమాట లేకుండుట సహజమే గదా!

ఆంగ్లబాలునకు ఆ భాగ్యము లేదు. 1476లో విలియం కాక్స్టను వెస్టుమినిస్టరులో అచ్చుకూటము పెట్టిననాటికి ఆ భాషలోని మాటలు సీమకొక విధముగా వ్రాయబడుచుండెను. అచ్చు వానిని క్రమక్రమముగా బిగించెను. బిగించుచుండగనే నోటి పలుకు మాఱిపోవుచుండెను. వీరుడను నర్థము గల ‘నైట్’ అను మాటలో మొదటనున్న ‘కే’యు నడుమనున్న ‘జీ’, ‘హెచ్’లును ఒకప్పుడు పలికినవే. పలుకు పోయెను, అక్షరములు మిగిలెను. మఱికొన్నిచోట్ల పండితులే లేని యక్షరములను తెచ్చి తగిలించిరి. అప్పు అను నర్థము గల ‘డెట్’ అను మాటకు లాటిను మూలమును జ్ఞప్తికి తెచ్చుటకై ‘బీ’ని చేర్చిరి. ద్వీపవాచకమైన ‘ఐలండు’లో ‘ఎస్’ చేర్చుట మఱియు చిత్రము. ఆ మాట లాటినునుండి వచ్చినదే కాదు. షేక్స్పియరు సంతకములు నేటికి ఆఱు మిగిలియున్నవి. అంతటి మహాకవి తన పేరునే పలువిధముల వ్రాసికొనెను; అందుచే నాతని కీర్తికి కొఱత రాలేదు. 1755లో లండనునందు జాన్సను నిఘంటువును, 1828లో అమెరికాయందు వెబ్స్టరు నిఘంటువును వెలువడినపిదప గాని ఇది ఒప్పు, ఇది తప్పు అను పట్టుదల గట్టిపడలేదు. ఆ పెద్దలిద్దఱును ఏకీభవింపలేదు. రంగు అను నర్థము గల ‘కలర్’ అను మాటలో ‘యు’ లేకున్నచో లండనులో తప్పు. ఉన్నచో న్యూయార్కులో తప్పు.

దీనిని చక్కబెట్టు యత్నములు జరుగకపోలేదు. 1906 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు మున్నూఱు మాటలను సులభమైన వర్ణక్రమమున అచ్చువేయవలసినదని ప్రభుత్వ ముద్రణాలయమునకు ఉత్తరువు చేసెను. పత్రికలు పరిహసించెను, ఆ డిసెంబరులో ప్రతినిధిసభ ఎదురుతిరిగెను, అధ్యక్షుడు వెనుకకు తగ్గెను. చికాగో ట్రిబ్యూను పత్రిక 1934 మొదలు 1975 వఱకు కొన్నిమాటలను తన సొంత సులభరీతిని వ్రాసి చూచి విరమించెను. 1949లో బ్రిటిషు పార్లమెంటులో మాంట్ ఫాలిక్ అను సభ్యుడు తెచ్చిన వర్ణక్రమ సంస్కరణ బిల్లు మూడే మూడు వోట్ల తేడాతో, 84కు 87గా, వీగిపోయెను. 1953లో మఱల తెచ్చిన బిల్లు రెండవ పఠనము దాటియు చట్టము కాలేదు. 1947లో ఇండియాను వదలుకొన్న పార్లమెంటు ‘డెట్’లోని ‘బీ’ని వదలుకొనుటకు మాత్రము సమ్మతింపలేదు!

కావున నిది పరంపరగా వచ్చిన బరువు గాని బుద్ధికి కొలత కాదు. ఈ మాట మనసునందుంచుకొని ఫోనుల సంగతి విచారింతము.

1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులో నొక ఇంజనీరు ఫోనుకు మొట్టమొదటి లిఖితసందేశము పంపెను. అది క్రిస్మసు శుభాకాంక్ష. ఆ సందేశములకు నూటయఱువది యక్షరముల మితి యుండెను. ఆనాటి ఫోనులపై అక్షరములన్నియు అంకెల మీటలలో ఇమిడియుండెను. ‘ఎస్’ అను నొక్క యక్షరము కావలెనన్నచో ఏడవ మీటను నాలుగుమాఱులు నొక్కవలసియుండెను. స్థలము కొంచెము, శ్రమ యెక్కువ, పంపిన ప్రతిదానికిని పైకము. ఇట్టిచో మాటలు కుఱుచపడుటలో వింత యేమున్నది? మన పెద్దలు టెలిగ్రాములలో చేసినదియు నిదియే. మాటకింత యని రుసుము చెల్లించునపుడు విభక్తులను క్రియలను మ్రింగివేసి, ‘తండ్రి అస్వస్థత వెంటనే బయలుదేఱుము’ అని పంపిన వానిని వ్యాకరణమెఱుగనివాడని యెవరును అనలేదు. 2013 జూలైతో మనదేశమున టెలిగ్రాము ముగిసినది. ఆ మితవ్యయబుద్ధి ముగియలేదు. ‘అయ్యో దేవుడా’ అనుటకు నేటి పిల్లలు వాడు ‘ఓ ఎమ్ జీ’ అను మూడక్షరములు ఫోనులలో పుట్టినవని పలువురనుకొందురు. 1917లో బ్రిటిషు నౌకాసేనాధిపతి ఫిషరు ప్రభువు చర్చిలునకు వ్రాసిన యుత్తరములోనే యవి కలవు. అపుడాయన వయస్సు డెబ్బదియాఱు.

భాషాశాస్త్రజ్ఞుడు డేవిడ్ క్రిస్టల్ 2008లో ప్రకటించిన గ్రంథమున, ఇట్టి సందేశములలో కుదించిన మాటలు సాధారణముగా నూటికి పదియైనను ఉండవని తేల్చెను. కవెంట్రీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు పదిమొదలు పండ్రెండేండ్ల వయసుగల యెనుబది యెనిమిదిమంది పిల్లలను పరీక్షించి 2009లో వెల్లడించిన ఫలితము ఇంకను గమనింపదగినది. కుదింపుమాటలను ఎక్కువగా వాడు పిల్లలు చదువునందు వెనుకబడలేదు సరికదా, ముందే యుండిరి. ఆలోచించినచో నిది సహజమే. మాటలోని ధ్వని తెలిసినవాడే దానిని కుదింపగలడు.

అయినచో క్షీణత యనునది వట్టి భ్రమయా? కాదు. అది యెచ్చట నున్నదో అమెరికా కళాశాలల లెక్కలు కొంతవఱకు చూపుచున్నవి. అచ్చట మొదటి సంవత్సరపు విద్యార్థుల వ్యాసములలోని దోషములను 1917లోను, 1930లోను, 1986లోను, 2006లోను వేఱువేఱుగా లెక్కించిరి. నూఱు మాటలకు దోషములు ఎప్పుడును రెండు మొదలు రెండున్నర లోపలనే యున్నవి. 1917నాటి వ్యాసము సగటున నూటయఱువది మాటలది. 2006నాటిది వేయి మాటలకు మించినది. పిల్లలు తాతలకంటె ఎక్కువ వ్రాయుచున్నారు, తాతలంతటి తప్పులే చేయుచున్నారు. కాని తప్పుల జాతి మాఱినది. 1986లో వర్ణక్రమదోషము అన్నిటికంటె ముందుండెను. 2006 నాటికది తగ్గి, ఒక మాటకు బదులు మఱియొక మాట పడుట అగ్రస్థానమునకు వచ్చెను.

ఈ మార్పునకు ప్రధానకారణము యంత్రము. కంప్యూటరులోను ఫోనులోను నున్న దిద్దుబాటు సాధనము మాట తన నిఘంటువులో ఉన్నదా లేదా అని చూచును గాని, వ్రాసినవాడు ఉద్దేశించినది ఆ మాటయేనా యని యడుగదు. పాఠశాలాధిపతియైన ‘ప్రిన్సిపల్’ వేఱు, ధర్మసూత్రమైన ‘ప్రిన్సిపుల్’ వేఱు. రెండును నిఘంటువులో నున్నవి కనుక ఏది పడినను యంత్రమునకు సమ్మతమే. యూరపు కూటమి యొక్కయు ఐక్యరాజ్యసమితి యొక్కయు పత్రములలో నొకప్పుడు ‘సహకారము’ అను నర్థము గల ‘కోఆపరేషన్’ ఉండవలసినచోట కాలిఫోర్నియాలోని ‘క్యూపర్టీనో’ అను ఊరిపేరు పడినది. నడుమ గీత లేకుండ వ్రాసిన ఆ మాటను ఆనాటి దిద్దుబాటు యంత్రము గుర్తింపలేక, దగ్గఱగా నున్న ఊరిపేరును చూపెను. గుమాస్తా చూడకయే యొప్పుకొనెను. రాజ్యముల నడుమ సహకారము ఊరుగా మాఱినను, సంతకము చేసిన పెద్దలు చదివి చూడలేదు. ఇప్పుడు యంత్రములు వాక్యముల అర్థమును కొంత గ్రహించి, తామే ఉత్తరములు వ్రాసిపెట్టుచున్నవి. తప్పులు తగ్గవచ్చును. కాని వ్రాసినదానిని మఱల నొకమాఱు చదువుట అను అలవాటు ఇంకను సన్నగిల్లుచున్నది. మేము క్షీణత యనునది దీనినే.

ఈ యలవాటు ముందుగా పోయినది పిల్లలయొద్ద కాదు, పెద్దలయొద్ద. 2017లో న్యూయార్కు టైమ్సు పత్రిక వార్తలను అచ్చునకు ముందు సరిచూచు కాపీ ఎడిటర్ల ప్రత్యేకశాఖను ఎత్తివేసెను. ఆ జూన్ మాసాంతమున ఉద్యోగులు కచేరీ వీడి వీధిలోనికి వచ్చి నిరసన తెలిపిరి. ఆ యేడే మే 31వ తేదీ అర్ధరాత్రివేళ అమెరికా అధ్యక్షుడు ట్రంపు ఏ నిఘంటువునందును లేని మాటతో ముగిసిన వాక్యమును లోకమునకు ప్రకటించగా, దాని యర్థమును వెదకుటలో ఒక దినము గడచెను. ఇంతకంటె పాఠము గఱపునది 1992 జూన్‌లో ట్రెంటను పట్టణములోని బడిలో జరిగినది. ఉపాధ్యక్షుడు క్వేలు సమక్షమున పండ్రెండేండ్ల బాలుడొకడు బంగాళదుంప అను నర్థము గల ‘పొటాటో’ అను మాటను పలకమీద సరిగా వ్రాసెను. ఉపాధ్యక్షుడు తన చేతిలోని చీటి చూచి, చివర ‘ఈ’ చేర్చుమనెను, బాలుడు చేర్చెను. చీటిలోనే తప్పుండెను. లోకము ఉపాధ్యక్షుని చూచి నవ్వినది గాని, ఆ కొంచెముసేపు తల వంచి తప్పు వ్రాయవలసివచ్చినవాడు సరిగా నెఱిగిన బాలుడే.

వర్ణక్రమపు న్యాయస్థానములో తీర్పు సాధారణముగా నిట్లే యుండును. అధికారి తప్పు వ్రాసినచో హాస్యము; ఉద్యోగార్థి తప్పు వ్రాసినచో దరఖాస్తు చెత్తబుట్టకు. ఇంగ్లండులో 2013 నుండి పదునొకొండేండ్ల పిల్లలకు వర్ణక్రమమున ప్రత్యేక పరీక్ష పెట్టుచున్నారు; పత్రికాధిపతులకును మంత్రులకును అట్టి పరీక్ష లేదు. వలస వచ్చినవారికి ఈ పరీక్ష జీవితాంతము నడచుచునే యుండును. అమెరికాలో 1925 నుండి జరుగు జాతీయ వర్ణక్రమ పోటీలో 1985లో తొలిసారి భారతసంతతి బాలుడు గెలిచెను. 2019లో ఎనమండ్రు కలిసి విజేతలు కాగా, అందేడుగురు మన సంతతివారే. 2024లో గెలిచిన బాలుడు తెలుగు కుటుంబమువాడు. మనకిది గర్వకారణమే, ఆ బిడ్డల శ్రమను తక్కువచేయు తలంపు మాకు లేదు. కాని తమ వర్ణక్రమము క్షీణించినదని ఆ దేశస్థులు విలపించుచుండగా, ఆ మూటను వీపున వేసికొని పరుగెత్తుచున్నవారు మన పిల్లలగుటలో నొక యర్థమున్నది. పుట్టుకచే ఆ భాష వచ్చినవాడు తప్పు వ్రాసినచో తొందర యందురు. పరాయివాడు వ్రాసినచో తెలియనివాడందురు. తెలియనివాడనిపించుకొనకుండుటకై మనవారు నిఘంటువును ఆసాంతము వల్లెవేయుచున్నారు.

ఒక్క యక్షరము ఎంత పని చేయగలదో కార్డిఫు పట్టణమున తేలినది. అచ్చట ‘టేలర్ అండ్ సన్స్’ అను పాత ఇంజనీరింగు కంపెనీ యుండెను. రెండువందల యేబదిమందికి పైగా దానియందు పనిచేయుచుండిరి. 2009లో ‘టేలర్ అండ్ సన్’ అను వేఱొక కంపెనీని మూసివేయవలసినదని ఉత్తరువు పుట్టెను. బ్రిటిషు ప్రభుత్వపు కంపెనీల రిజిస్ట్రారు కచేరీ దానిని ‘సన్స్’ కంపెనీ పేర దాఖలు చేసెను. కొన్ని దినములలోనే తప్పు దిద్దిరి గాని, అప్పటికే ఆ సమాచారము పరపతి వివరములమ్ము సంస్థలకు చేరిపోయినది. సరుకిచ్చువారు అప్పు నిలిపివేసిరి. రెండు మాసములలో కంపెనీ కూలినది. కోర్టుకెక్కగా, ఆ కచేరీయే బాధ్యురాలని 2015లో హైకోర్టు తీర్పు చెప్పెను. చివరనున్న ‘ఎస్’ అను నొక్క యక్షరమునకు ఆఱేండ్ల వ్యాజ్యము. ఫోనులో మిత్రునకు ‘యు’ అని వ్రాసిన పిల్లవాని వలన ఎవరి జీతమైనను పోయినదా?

కార్డిఫు కథ దూరపుది. ఇక మన యింటికి వత్తము. తెలుగు పేరును ఆంగ్లాక్షరములలో వ్రాయుటకు ఒప్పు తప్పులను నిర్ణయించు నిఘంటువే లేదు. ‘లక్ష్మి’లోని ‘క్ష’కు ఒకరు ‘ఎక్స్’ వేయుదురు, ఒకరు ‘కే ఎస్ హెచ్’ వేయుదురు. ‘రెడ్డి’కి చివర ‘వై’యా, ‘ఐ’యా? ‘రావు’ను పూర్వపు మద్రాసు కాగితములలో ‘ఆర్ ఓ డబ్ల్యు’ అని వ్రాసిరి. మనుమలు ‘ఆర్ ఏ ఓ’ అని వ్రాయుచున్నారు. ‘సీత’లోని ‘త’కు దక్షిణాదివారము ‘హెచ్’ చేర్తుము, ఉత్తరాదివారు చేర్పరు. ఇంటిపేరు ఒక కాగితమున పొడియక్షరమై ముందుండును, మఱియొకదానిలో పూర్తిగా విప్పబడి వెనుకకు పోవును. రాజమహేంద్రవరమునకే 2015 వఱకు ప్రభుత్వపు కాగితములలో సొంతపేరు లేకపోయెను. మామూలు రైతు పేరునకు గతి యేమి? ఇన్ని విధములలో ఏదియు తప్పు కాదు, ఏదియు పూర్తిగా ఒప్పును కాదు. మనుష్యుడు చదివినచో నిది యొకరి పేరేయని తెలిసికొనును. యంత్రము అక్షరమునకు అక్షరము సరిపోల్చి, వీరిద్దఱు వేఱని చెప్పును.

ఇందువలన వచ్చు నష్టము మాటలతో పోవునది కాదు. 2019లో ఆరంభమైన పి.ఎం. కిసాను పథకమున రైతుకుటుంబమునకు ఏడాదికి ఆఱువేల రూపాయలు మూడు వాయిదాలలో చెల్లింతురు. దరఖాస్తులోని పేరును ఆధారులోని పేరును కలియనందున వాయిదాలు ఆగినవారు ఎందఱో పాఠకులెఱుగుదురు. పాస్‌పోర్టునకు తండ్రిపేరు, పింఛనునకు భర్తపేరు, రిజిస్ట్రేషనునకు తాతపేరు, అన్నిచోట్లను ఈ చిక్కే. ఆధారు కార్డుమీద తెలుగును ఉన్నది గదా యందురు. అనేకుల కార్డులలో ఆ తెలుగు, ఆంగ్లమునుండి యంత్రము తిరిగి కట్టినది. పుట్టినప్పుడు పెట్టిన పేరు అచ్చట వికృతమై కనబడును.

మేమెఱిగిన యొక వృద్ధరైతు కలడు. ఆయనకు తెలుగున సంతకము చేయుట చక్కగా వచ్చును; ఆంగ్లమున నొక్క యక్షరమును ఎన్నడును వ్రాసియెఱుగడు. ఆయన పేరు పాసుపుస్తకమున నొక విధముగను, బ్యాంకి ఖాతాలో మఱియొక విధముగను ఉన్నది. రెండును గుమాస్తాలు వ్రాసినవి. ఇప్పుడు ఆ రెండు పేరులును తనవేయని ప్రమాణపత్రము వ్రాయించి, స్టాంపుకాగితము కొని, నోటరీ చేయించి తెమ్మని ఆయనకు చెప్పిరి. ఆంగ్లమున వర్ణక్రమదోషము చేసినందుకు, ఆంగ్లమే రానివానికి జరిమానా!

మేము కోరునది పెద్దది కాదు. పేరు నమోదు చేయు ప్రతి కచేరీయందును మొదట తెలుగున వ్రాసికొని, ఆంగ్లమున నెట్లు వ్రాసినది ఆ మనుష్యునకు చదివి వినిపించి, ఆపైని ముద్ర వేయవలెను. రెండు కాగితములను సరిపోల్చునపుడు తెలుగు పేరును తండ్రిపేరును ఊరును కలిసినచో, ఆంగ్లాక్షరముల తేడాను లెక్కింపరాదు. కచేరీ చేసిన తప్పును కచేరీయే తన ఖర్చుతో దిద్దవలెను. రుజువు భారము పౌరునిమీద వేయరాదు. బడులలో ఉపాధ్యాయులు పిల్లల ఫోనుమాటలను వెదకి దండించుటకంటె, వ్రాసినదానిని మఱల చదివించుట మేలు. పత్రికలవారమైన మాకును ఈ మాట వర్తించును. మా పుటలలోని అచ్చుతప్పులను చూపుచు పాఠకులు వ్రాయు ఉత్తరములు మాకందుచునే యున్నవి, వానికి మేము కృతజ్ఞులము.

ఆ రైతు కాగితములు ప్రస్తుతము మూడవ కచేరీలో నున్నవి. అచ్చట ఆయనకిచ్చిన రసీదును మేము చూచితిమి. పేరు సరిగానే పడినది. తండ్రిపేరులో ఒక యక్షరము పోయినది.